అక్క కొలిచిన మూర

నగర్తపేటలో డ్యూటీకి చేరేసరికి ఉదయం ఆరున్నర. సన్నటి జల్లు. నా దగ్గర ఒక కిట్ బ్యాగు, టార్చి, రెయిన్‌కోటు. సందులో రెండు తోపుడుబళ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. కింద మా అక్క లేసుల కొట్టు, పైన ఇల్లు, మధ్య ఇరుకు మెట్లు. దారి ఒకటే, కాపలాకు అనువే. పటాలం నుంచి రిటైరై ఆనేకల్‌లో ఉంటున్న నాకు బావ ఫోన్‌లో ఇచ్చిన ఆర్డరు చిన్నది: "మీ అక్క కొట్లోకి దిగతా లేదప్పా. నువ్వొచ్చి ఉండు."

అంతకు ముందు వారం కొట్టు కట్టేసే వేళ ఇద్దరు లోపలికి దూరి షట్టరు దించారు. అక్క చేతుల్ని ఆమె అమ్మే లేసుతోనే కట్టి, గొలుసు తెంపుకుపోయారు. తరవాత దొరికారు కూడా. పోలీసుల పని అయిపోయింది. అక్కకే ఏదీ అయిపోలేదు. మణికట్ల మీద లేసు కోసిన గాట్లు. వాటిని కప్పడానికి చీర మీద బావ పొడుగు చేతుల చొక్కా. పక్క కొట్టు షట్టరు గడగడమంటే గోడకు ఆనుకుపోయేది.

లేసును ఆమె మోచేతి నుంచి వేలికొస దాకా మూర వేసి కొలుస్తుంది. ఆఖర్న వేలెడు కొసరు. మా అమ్మ నేర్పిన పద్ధతి. ఇప్పుడు చెయ్యి చాపితే గాట్లు బయటపడతాయి.

"మీటరు కర్ర తెస్తానే" అన్నాడు బావ.

"కర్రతో కొలిచేదానికి నేనెందుకు? కొట్టు అమ్మేసెయ్యి" అంది అక్క. అమ్మేస్తే ఆమె ఇక ఆ పైగదిలోంచి కదలదని ముగ్గురికీ తెలుసు.

దొంగల్ని పక్కన పెట్టండి. నాకు ఒళ్లు మండింది పరామర్శకు వచ్చినవాళ్లను చూసి. చావింటికి వచ్చినట్టు వచ్చేవారు. చేతిలో పళ్లు, ఒక నిట్టూర్పు, ఆ వెంటనే "మొదట్నుంచీ చెప్పు". అక్క చెప్పేది. చెప్పి వెళ్లి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది. వీళ్లు కారాబూంది నములుతూ కూర్చునేవారు. ఒకావిడ గొంతు తగ్గించి అడిగింది: "గొలుసొకటేనా? ఇంకేం చెయ్యలేదు కదా?" ఛీ, ఏం మనుషులు!

ఆ మాట విన్నాక మెట్ల మొదట్లో స్టూలు వేసుకున్నాను. బావది సందు చివర పోస్టు. ఫోనే మా వైర్‌లెస్.

"చిన్నమ్మ వస్తా ఉండాది."

"చేతిలో ఏముంది?"

"ఆపిల్ పండ్లు."

"ఆపు."

"ఎట్ల ఆపేదప్పా? నన్ను తోసేసి వచ్చేసింది."

చిన్నమ్మ నన్ను చూసి ఆగింది. "మిలిట్రీ వాడివి ఉండి ఏం లాభమప్పా" అంటూ ఫోన్ తీసింది. కొట్టు కెమెరాలో పడిన వీడియో. ఎవరు ఎక్కించారో, బంధువుల గ్రూపులో తిరుగుతోందట. మూలన అక్క. ఆమె చేతులకు లేసు చుడుతున్నాడొకడు.

"ఈడ అరిచిందా లేదా తెలీలా. అడుగుదామని వచ్చినా" అంది చిన్నమ్మ.

ఆ ఫోన్‌ను చేత్తో కిందికి తోశాను. "పో ఇక్కణ్ణించి" అన్నాను.

పైమెట్టు మీద అక్క. అంతా విన్నది. ఒక్కొక్క మెట్టే దిగి వచ్చి నా చేతిలో తాళంచెవి పెట్టింది. "ఎత్తప్పా."

షట్టరు ఎత్తాను. ఆ చప్పుడుకు కళ్లు గట్టిగా మూసుకుంది, కానీ వెనక్కి పోలేదు. లోపలికెళ్లి తన పీట మీద కూర్చుంది.

"ఎన్ని మూర్లు కావల్ల చిన్నమ్మా?"

"నేను లేసుకు రాలేదే..."

"కొట్టుకు వచ్చినావు కదా. బోణీ చెయ్యి."

"రెండు" అంది చిన్నమ్మ.

అక్క చొక్కా మణికట్టు గుండీ విప్పింది. చొక్కా చేతిని మోచేతి పైదాకా మడిచి, చిన్నమ్మ ముఖం ముందు చెయ్యి చాపింది. చిన్నమ్మ తల తిప్పుకుంది.

"ఇట్ల చూడు. వీడియోలో సరిగా కనపడుండదు."

మర్నాడు ఆనేకల్ బస్సెక్కాను. ఇప్పటికీ అక్క దిగే ముందే బావ షట్టరు ఎత్తేస్తాడు. చొక్కా మాత్రం మళ్లీ వేసుకోలేదట.

నా కళ్లలోంచి పోనిది ఆ చెయ్యి. నల్లబడిన గాటు మీద బిగుతుగా లాగిన తెల్ల లేసు. ఒక మూర, రెండు మూరలు. ఆ మీదట, ఆ మనిషికి కూడా, వేలెడు కొసరు. నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు.