రాజుగారు ఏడుసార్లు చచ్చిన శుక్రవారం

బంగారంలాంటి ఉద్యోగాన్ని చేజేతులా ఎలా పోగొట్టుకోవాలో తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇలా వచ్చి కూర్చోండి. నాకు అందులో మంచి అనుభవం ఉంది. పైగా ఆ పని రెండొందల మంది చూస్తుండగా, చప్పట్ల మధ్య చేశాను.

ఈ పరాయి దేశంలో, లోవర్ హట్ అనే ఊళ్ళో ఒక హైస్కూల్లో నాది ఏడాది కాంట్రాక్టు. పాత నాటకాలను కుర్చీలో కూర్చుని చదివించకుండా లేచి ఆడిస్తూ ఎలా పాఠం చెప్పాలో టీచర్లకు నేర్పడం నా పని. వచ్చే ఏడాది నాటకం క్లాసుకు ఇరవై మంది పిల్లలు పేర్లిస్తే పోస్టు పర్మనెంటు, లేకపోతే క్లాసూ ఉండదు, నేనూ ఉండను. ప్రిన్సిపాల్ లిండా ఈ మాట నవ్వుతూనే చెప్పింది. ఇక్కడ ఉద్యోగం పీకేసేటప్పుడు కూడా టీ ఇచ్చి మరీ పీకుతారు.

నా చేతికి చిక్కిన మొదటి శిష్యుడు గ్రాహం. ఇంగ్లీషు విభాగానికి పెద్ద. రాజు చచ్చిపోయే ఒకే విషాద నాటకాన్ని ముప్పై ఏళ్ళుగా హాజరు పిలిచినట్టు చదువుతున్నాడు. రాజు చచ్చేసరికి సగం క్లాసు నిద్రపోయి ఉండేదట. అలాంటి మనిషిని నిలబెట్టి, నడిపించి, చేతులు కదిలించేసరికి నాకు నెలరోజులు పట్టింది.

నోరు మూసుకుని అంతటితో ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే నేనెందుకవుతాను? ఒకరోజు స్టాఫ్‌రూములో టీ తాగుతూ మా తెనాలి వైపు పద్యనాటకాల గొప్ప ఎత్తుకున్నాను.

"మా దగ్గర పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అంటారు. వెంటనే నటుడు మళ్ళీ పాడాలి" అన్నాను.

"చచ్చిపోయే పాత్ర అయితే?" గ్రాహం అడిగాడు.

"లేచి పాడి మళ్ళీ చావాలి. పాడకపోతే చూసేవాళ్ళను అవమానించినట్టే."

"ఎన్నిసార్లు?"

"అడిగినన్నిసార్లు."

గ్రాహం జేబులోంచి నోటుపుస్తకం తీసి అదంతా రాసుకున్నాడు. అప్పుడే ఆ పుస్తకం లాక్కుని నమిలి మింగేయాల్సింది.

శుక్రవారం చివరి పీరియడులో స్కూలు హాల్లో ప్రదర్శన. టీచర్లే నటులు. గ్రాహం రాజు, అతన్ని పొడిచే సేనాని వ్యాయామం నేర్పే మా పి.ఇ. టీచరు టీనా. రాజు పోయాక యువరాజు వచ్చే ఆఖరి రంగం నా ప్రాణం. ముగ్గురు సైన్సు టీచర్లతో ఆరు వారాలు కుస్తీ పట్టి దాన్ని సిద్ధం చేశాను. లిండాకు చూపించాలనుకున్న పనితనమంతా అందులోనే ఉంది. వెనక కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయని ఇక్కడి తెలుగు వృద్ధుల బృందాన్ని కూడా పిలిచాను. వాళ్ళకు పెద్ద సత్యం అంకుల్, రేపల్లె మనిషి. కూతురి దగ్గరికి వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఎనిమిదేళ్ళుగా ఒక్క నాటకమూ చూడలేదు.

ఆ రోజు గ్రాహంకు ఏమైందో తెలియదు. కత్తి దిగాక ఆఖరి మాటలు చెబుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. ఫోన్లు చూసుకునే పిల్లలు కూడా తలలెత్తారు. రాజు కూలాడు. ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి సత్యం అంకుల్ గొంతు ఖంగున మోగింది.

"వన్స్ మోర్."

చచ్చిన రాజు ఒక కన్ను తెరిచి నావైపు చూశాడు. వద్దని చెయ్యి ఊపితే సరిపోయేది. కానీ ఇంత దూరాన, ఇంత చలి ఊళ్ళో ఆ మాట వినేసరికి నా కళ్ళు నిండిపోయాయి. తల ఊపాను. అవునని ఊపాను.

గ్రాహం లేచాడు, మళ్ళీ పొడిపించుకున్నాడు, మళ్ళీ చచ్చాడు. ఈసారి వన్స్ మోర్ అన్నది పిల్లలు. నేను వెనక్కి పరిగెత్తాను.

"అంకుల్, ఇంకా ఒక రంగం ఉందండి. కాస్త ఊరుకోండి."

"నేను ఒకసారే అన్నానమ్మాయ్. ఆ కుర్రకారు నా మాట వింటారా? అయినా ఆ మాస్టారు బాగా చస్తున్నాడు, చావనీ."

మూడో చావుతో గ్రాహం మోకాలు పట్టేసింది. నేను తెరచాటు నుంచి, "గ్రాహం, చాలు, ఆపేద్దాం" అన్నాను.

"అవమానం అన్నావుగా" అన్నాడు నేలమీద పాకుతూనే. వెళ్ళి, తన బదులు చావమని కిరీటం టీనా తలమీద పెట్టాడు.

ఇక టీనా చావు చూడాలి. నాలుగోసారి గిర్రున తిరిగి పడింది. అయిదోసారి వేదిక మెట్లమీదుగా దొర్లింది. ఆరోసారి మాటలు కూడా మానేసి నేరుగా చచ్చింది. ఏడోసారి చస్తుండగా మూడింటి బెల్లు కొట్టారు. గేటు దగ్గర బస్సులు హారన్లు మోగిస్తున్నా ఒక్క పిల్లాడు కదలలేదు. యువరాజు వేషంలో ఉన్న కెమిస్ట్రీ టీచరు తెరవెనక బిక్కమొహం వేసుకుని నిలబడే ఉన్నాడు. నా ఆఖరి రంగం ఇప్పటికీ ఎవరూ చూడలేదు. ఇంటికెళ్ళి కడుపారా ఏడ్చాను.

సోమవారం లిండా పిలిచింది. టీ ఇచ్చింది.

"నాటకం క్లాసుకు ముప్పై ఒక్క మంది పేర్లిచ్చారు" అంది.

నేను కుర్చీలోంచి లేచాను.

"పోస్టు పర్మనెంటు అయింది."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"టీనాకు ఇస్తున్నాం."

నేను కూర్చున్నాను.

"ఎందుకు చేరుతున్నారో పిల్లలు ఫారాల్లో రాశారు. పడటానికట, దొర్లడానికట. ఆరోగ్య భద్రత నియమాల ప్రకారం అది వ్యాయామం కిందికి వస్తుంది. పి.ఇ. టీచరు ఉండి తీరాలి. ఏమీ అనుకోకు, నీ పని మాత్రం అద్భుతం" అంది లిండా, బిస్కెట్ల పళ్ళెం నావైపు జరుపుతూ.

నేను పెట్టె సర్దుకుంటుంటే టీనా వచ్చింది, పాపం, మంచి పిల్ల. కొత్త క్లాసు మొదటిరోజు వచ్చి ఆ తెనాలి పద్ధతి పిల్లలకు వివరించమని అడిగింది. లిండా ఇచ్చిన బిస్కెట్టు ఆమె చేతిలో పెట్టి పెట్టె మూసేశాను.

కాబట్టి హట్ నది సాక్షిగా, ఆ చల్లటి నీళ్ళలో చెయ్యి ముంచి ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ స్కూల్లో ఏ రాజు చచ్చినా నేను తలూపను, కళ్ళు తుడుచుకోను, మా ఊరి గొప్పలు ఎత్తను. వాళ్ళ చావు వాళ్ళను చావనిస్తాను.