చిన్నమ్మ మగ్గం గుంత

మా చిన్నమ్మ పోయింది. దేవరకొండ బడిల పిల్లలకు లెక్కలు చెప్తున్నప్పుడు మా నారాయణపేట వాడకట్టు మనిషి ఒకాయన బస్సు దిగి వచ్చి కిటికీ కాడ నిలవడ్డడు. "సారూ, మీ చిన్నమ్మ తెల్లారంగ పోయింది. జల్ది రమ్మన్నడు మీ బాపు" అన్నడు. పాలమూరు మీదికెళ్లి ఊరు చేరేసరికి పొద్దు వాలుతాంది. అరుగు మీద కూసున్నోళ్లందరిదీ ఒకటే మాట. నోట్లె నాలుక లేని మనిషి, ఎవ్వరినీ ఒక్క మాట అనలే అని. అందరికన్న గట్టిగ అంటున్నది మా బాపు.

నాకు ఒళ్లు మండింది. ఆమెకు నాలుక ఉండె. అడగాల్సింది అడిగింది. ఆనాడు విననోళ్లే ఇయ్యాల మెచ్చుకుంటున్నరు. మీకన్న చెప్పుకుంటె జర బరువు దిగుతదని రాస్తున్న.

చిన్నమ్మ అంటే మా బాపు తమ్ముని భార్య. మా ఇంట్ల నడిమి అర్రల రెండు గుంత మగ్గాలుండె. నేలల గుంత తవ్వి, అంచు మీద కూసోని, కాళ్లు లోపలికి ఇడిచి తొక్కి నేసే మగ్గాలు. ఒకటి బాపుది. రెండోది పేరుకు చిన్నాయినది, నేసేది చిన్నమ్మ. వాళ్ల నాయినకు మగపిల్లలు లేకుంటె బిడ్డకే పని నేర్పిండు. చిన్నాయినకు బేరం మాటలు వస్తయి గానీ అడ్డపోగు నడిపే నాడె ఆయన చెప్పినట్టు వినదు. ఆయన నేసిన చీర అంచు వంకర పోతుండె. చిన్నమ్మ దాన్ని విప్పుకుంట, "మీరు అమ్మి రాపోండి, నేను నేస్త" అని నవ్వుతుండె.

నేను బడి నుంచి రాంగనే పలక పట్టుకొని ఆమె పక్కన గుంత అంచు మీద కూసునేది. ఆమెకు అక్షరం రాదు. "గట్టిగ సదువు బిడ్డా, మగ్గం సప్పుడు మించి నాకు వినవడాలె" అంటుండె. గట్ల అరిచి అరిచి సదువుకున్నోన్ని. ఇయ్యాల నా బడిల ఆఖరు వరుస పిల్లగాని దాంక నా గొంతు పోతదంటె అది ఆమె పెట్టిన భిక్షనే.

సముద్రం దాటి రంగూన్ పోవుడు ఆమె అనుకున్న ముచ్చట కాదు. షోలాపూర్ల బాపుకు తెలిసిన సేటు ఒకాయన చెప్పిండట, రంగూన్ల మనోళ్లు మస్తుగున్నరు, సొంత మగ్గం పెట్టుకొని చీరల దుకాణం తెరిస్తె తిరుగు లేదని. బాపు ఒక్క దినంల తేల్చేసిండు. తమ్ముడు పోవాలె, పెండ్లాం పిల్లల తోటి పోవాలె. చిన్నమ్మ బిడ్డ, మా చెల్లె, అప్పటికి ఐదేండ్ల పోరి. ఆమె కొడుకు ఇంకా చంక దిగలే. చిన్నాయిన అన్న ముందర నోరు తెరిచెటోడు కాదు. అడిగింది చిన్నమ్మనే, తలుపు చాటుకెళ్లి.

"మగ్గం నేనొక్కదాన్నే నేస్త బావా. పడుగుకు గంజి పెట్టాలంటె వాడకట్టు కావాలె గదా. అక్కడ ఎవరున్నరు?"

బాపు నవ్విండు. "అక్కడ మనుషులుండరా ఏంది?"

ఆమె అడిగిన దాంట్ల తప్పేం లేదు. మా దగ్గర ఎవరింట్ల పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, తయారైనా పొద్దుపొద్దుగాల వీధి పొడుగూత దాన్ని పరుస్తరు. అటు నలుగురు ఇటు నలుగురు నిలవడి గంజి పూసి, కుంచెలతోటి దువ్వి, ఎండ ముదరకముందే ఆరవెడ్తరు. ఇయ్యాల మీది, రేపు మాది. ఎవ్వరూ పిలువరు, అందరూ వస్తరు. ఆ వాడకట్టును మా బాపు లెక్కల పట్టలే. ఆయన మగ్గాన్ని చూసిండు, వాడను చూడలే.

పోయే ముందు చిన్నమ్మ తన మగ్గం నుంచి అచ్చు ఊడదీసింది. పోగులు దూరిపోయే దువ్వెన లాంటి చట్టం అది. మాలో ఒక పద్ధతుంది. ఒక పడుగు అయిపోతె మగ్గాన్ని బోడిగ చెయ్యం. పాత పోగుల కొసలు అచ్చుల అట్లనే ఉంచి, కొత్త పోగుల్ని ఒక్కొక్కటే వాటికి మెలివెట్టి అతుకుతం. ముడి మాత్రం ఎయ్యం, ముడి అచ్చు పండ్లల్ల ఇరుకుతది. చిన్నమ్మ ఆ ఎర్ర కొసలు చెదరకుండ బట్టల చుట్టి పెట్టెల పెట్టుకుంది. "అక్కడి మగ్గం ఈ మగ్గానికి బిడ్డ కావాలె" అన్నది. బాపు ముందర నిలవడి ఒక్కటే కోరింది.

"నా గుంత నాకుండనీయి బావా. ఎన్నడొచ్చినా దాంట్లనే కూసుంట."

"నీ గుంత ఎటు పోతదమ్మా. దసరకు నీ మగ్గం కాడ గూడ దీపం పెట్టిపిస్త" అన్నడు బాపు. నేను అక్కడనే ఉన్న, నా చెవులతోటి విన్న.

దీపం ఒక్క దసరకు పెట్టిన్రు. ఆ మరుసటేడు చీరల మూటలు పెట్టుకోనీకి జాగా సాలుతలేదని బాపు ఆ గుంతల మట్టి పోపిచ్చి, మీద షాబాదు బండ ఏపిచ్చిండు. "ఖాళీ గుంత ఇంట్ల ఉండొద్దు" అన్నడు. "దానికి చెప్పద్దా?" అన్నది మా అమ్మ. "చెప్తె ఏమైతది? అది అక్కడ సల్లగున్నది" అన్నడు.

ఎంత సల్లగున్నదో తిరిగొచ్చినంక చిన్నమ్మనే చెప్పింది. ఇరుకు సందుల పడుగు పరిస్తె అటు చిన్నాయిన, ఇటు చిన్నమ్మ. నడుమ పోగులు పట్టుకొని ఐదేండ్ల చెల్లె. కూలికి పిలిచినోళ్లకు కుంచె పట్టుడు రాదు. దువ్వేలోపల వాన. ఆరకముందే ఇంకో వాన. గంజి పులిసి పోగుల మీద బూజు లేసింది. "చెల్లె చేతులు నానిపోయి తెల్లగైతుండె బిడ్డా. అయినా ఇడువకుండ నిలవడేది. నేనేమో దువ్వు, దువ్వు అని దాని మీదనే ఒర్లేది" అన్నది. నేసిన నాలుగు చీరలు ఉతకంగనే ముడుసుకపోయినయి. ఆఖరుకు మగ్గం అటకెక్కింది. వేరేటోళ్లు నేసిన బట్ట తెచ్చి అమ్ముకున్నరు. ఏండ్లకేండ్లు పట్టి దుకాణం జర నిలదొక్కుకుంది అనంగనే అక్కడి సర్కారు దుకాణాలన్ని తీసుకుంది. కట్టుబట్టలతోటి ఓడెక్కిన్రు.

వాళ్లొచ్చిన దినం నాకు కండ్లల్లనే ఉంది. పిల్లలు వాళ్లల్ల వాళ్లు ఆ దేశం భాష మాట్లాడుకుంటె వాడకట్టు పోరగాండ్లు నవ్వుతున్నరు. చిన్నమ్మ ఎవ్వరినీ పలుకరియ్యలే. బట్టల చుట్టిన అచ్చు చంకల పెట్టుకొని సీద నడిమి అర్రలకు పోయింది. మూటల నడుమ నిలవడి కిందికి చూసింది.

"బావా, నా గుంత ఏది?"

"ముందుగాల కాళ్లు కడుక్కో అమ్మా. అన్నం తిను" అన్నడు బాపు.

అన్నం తిన్నది. మళ్ల అడిగింది. దసరకు అడిగింది, ఉగాదికి అడిగింది. "ఈ వయసుల నీకు మగ్గమెందుకు? నీడకు కూసోని కండెలు చుట్టుకో" అన్నడు. కండెలు చుట్టుడు, అంటే నాడెల పెట్టే దారం చుట్టిచ్చుడు, మా ఇండ్లల్ల చిన్నపిల్లలకు, చూపు ఆననోళ్లకు ఇచ్చే పని. వాడకట్టుల అందరికన్న నున్నగ నేసిన మనిషికి అది ఇచ్చిండు మా బాపు. చిన్నాయిన అన్న చీరల దుకాణంల గుమాస్తాగ కూసున్నడు. ఆనాడు నోరు తెరువలే, మళ్ల గూడ తెరువలే. కొట్లాడితె నేను కొట్లాడిన. "నీ జీతం నువ్వు తెచ్చుకో, ఇల్లు నాది" అన్నడు బాపు.

చిన్నమ్మ సరిగ్గ ఆ బండ మీదనే కూసోని రాట్నం తిప్పేది. చేతులు కండె చుట్టుతుంటె పాదాలు ఊకుండేటియి కావు. ఒక కాలు తర్వాత ఒక కాలు బండను తొక్కుతుండె, కింద మగ్గం ఉన్నట్టు. నేను సెలవులకు పోతె, "ఏదన్న సదువు బిడ్డా, గట్టిగ" అనేది. పేపరు సదివెటోన్ని. రాట్నం సప్పుడుకు అంత గట్టిగ సదవాల్సిన పని లేదు. అయినా సదివెటోన్ని.

మొన్న అరుగు దాటి లోపలికి పోయేసరికి ఆమెను ఆ బండ మీదనే పండవెట్టిన్రు. మూటలన్ని తీసి పక్కకు పెట్టిన్రు. ఇన్నేండ్లల్ల జరగని మూటలు గప్పుడు జరిగినయి. కాలి బొటనవేళ్లు రెండు కలిపి కట్టిన దారం చూసిన. ఎర్రది, వెలిసిపోయింది. చిన్న చిన్న కొసల్ని అతికి పొడుగు చేసిన్రు. అతుకుల్ల ఎక్కడా ముడి లేదు.

"ఎవరు కట్టిన్రు?" అని చెల్లెనడిగిన.

"నేనే అన్నా. పెద్దబాపు కొత్త దారం కండె తెచ్చిండు. వద్దన్న. అచ్చుల పోగులు గుంజిన."

అరుగు మీద బాపు ఇంకా చెప్తనే ఉన్నడు, నా మరదలు ఏనాడూ ఏదీ అడగలేదని. చెల్లె లేసి తలుపు దగ్గరికేసింది. నేను చిన్నమ్మ కాళ్ల కాడ కూసున్న. పొద్దంత ఆ బండను తొక్కిన పాదాలు ఆ ఎర్ర పోగు తోటి దగ్గరికై ఉన్నయి. వాటి కింద బండ, బండ కింద మట్టి, మట్టి నిండిన ఆమె గుంత.