గంట గోపురం పగులు

ఢిల్లీ ఆర్.కె. పురంలో మా క్వార్టర్స్‌కి నడక దూరంలోనే మా లూథరన్ గుడి. గుంటూరు వైపు నుంచి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు వచ్చినవాళ్లు మొదట ఎవరో ఒకరి ముందుగదిలో ఆరాధన జరుపుకునేవారట. స్థలం దొరికాక ఎర్ర ఇటుకతో గుడి కట్టుకున్నారు. ఢిల్లీలో అంత అవసరం లేకపోయినా పైకప్పు కోస్తా వానలకు తగ్గట్టు బాగా వాలుగా ఉంటుంది. కిటికీలు సన్నగా, పొడవుగా, పైన కమానులతో ఉంటాయి. పెద్ద తలుపు మీద లేచిన గంట గోపురం మాత్రం కొన్నేళ్ల తర్వాత చేర్చింది.

ఒక చలికాలం భూమి కంపించింది. ఆ ఆదివారం వెళ్లి చూస్తే గోపురానికీ గుడిగోడకీ మధ్య పైనుంచి కిందిదాకా పగులు. కాంట్రాక్టరు వచ్చి గోపురం కూల్చెయ్యాలన్నాడు. సంఘపెద్దలు దాదాపు ఒప్పుకున్నారు. నేను ప్రభుత్వ శాఖలో కట్టడాల ఇంజనీరుని. పగులు ఇటుకల్లోకి పోలేదు, పాతగోడకు కొత్తగోడ అతికిన చోటే విడింది. కూల్చవద్దని గట్టిగా చెప్పాను.

అడ్డుచెప్పింది మా సంఘంలో అందరికన్నా పెద్దావిడ, రిటైరైన నర్సు ఆంటీ. గోపురం కట్టేటప్పుడు ఆవిడ కూడా ఇటుకలు మోసింది.

"మేం కట్టుకున్నదే కదమ్మా, నాకు మాత్రం ప్రేముండదా? కానీ సండే స్కూలు పిల్లలు దాని కిందనుంచే పోతారు. నీ మాట మీద వాళ్లని ఎట్లా పంపేది?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

"నా మాట మీద వద్దాంటీ. వానలు వెళ్లేదాకా పెద్ద తలుపు మూసేసి పక్క తలుపు వాడదాం. గోడ కదులుతోందో లేదో మీరే చూద్దురుగాని."

పగులుకు అడ్డంగా పల్చటి గాజుముక్కలు అతికించాను. గోడ ఏమాత్రం కదిలినా గాజు విరుగుతుంది. ఎండాకాలంలో ఒకటి విరిగింది. ఆ వారం కొందరు నాతో మాట్లాడలేదు. నేను పునాది పక్కన తవ్వించి చూశాను, ఎక్కడా కుంగలేదు; ఎండవేడికి గోడ కాస్త సాగడం వల్లే గాజు విరిగి ఉంటుంది. కొత్త గాజు అతికించాను. వానలన్నీ పడి వెళ్లినా అది చెక్కుచెదరలేదు. అయినా నా ఒక్కదాని మాట చాలదని బయటి నిపుణుణ్ణి పిలిపించాను. గోపురాన్ని ఇనుపకడ్డీలతో గోడకు కట్టెయ్యమన్నాడు, గంట మాత్రం పైన ఊగకూడదన్నాడు. గంట దించడం నాకు కష్టంగానే తోచింది, కానీ ఒప్పుకున్నాను. దాన్ని వరండాలో వేలాడదీశాం.

పని పూర్తయ్యాక ఒక ఆదివారం పెద్ద తలుపు తీశారు. ఆంటీ గోపురం వైపు చాలాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుంది. ముందు మేమిద్దరం లోపలికి నడిచాం. ఆ తర్వాతే ఆవిడ వెనక్కి తిరిగి, బయట నిలబడ్డ పిల్లలను వాళ్లకు అలవాటైన హిందీలో, "ఆ జావో" అని లోపలికి పిలిచింది.