నేను ఏసీ అన్న కూలర్

1989 డిసెంబరులో సిడ్నీ పడమటి శివారు బ్లాక్‌టౌన్‌లో, ఇళ్లకు హీటర్లూ కూలర్లూ బిగించే ఒక చిన్న కంపెనీలో సర్వీస్ టెక్నీషియన్‌గా చేరాను. ఆరు నెలల ప్రొబేషన్. చలికాలంలో గ్యాస్ హీటర్లు, వేసవిలో రెండు రకాల యంత్రాలు మా పని. ఏసీ ఇంట్లో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది కాబట్టి తలుపులు మూయాలి. ఇంటికప్పు మీద పెట్టే కూలర్ బయటి గాలిని తడి మెత్తల గుండా లాగి ఇంట్లోకి తోస్తుంది. ఆ గాలి బయటికి పోవాలంటే కిటికీలు తెరిచి ఉండాలి.

అక్కడ నడివేసవి అయిన జనవరిలో సుగుణ గారింట్లో కూలర్ బిగించాం. ఆవిడది కాకినాడ. ఇక్కడ ఆస్పత్రిలో నర్సు, ఎప్పుడూ నైట్ డ్యూటీ. పగలు నిద్రపోవడానికే అది పెట్టించుకున్నారు. రెండు వారాలకు కూలర్ పనిచేయడం లేదని కంప్లయింట్ వచ్చింది. మోటారు మార్చు, లేదా యూనిట్ దించేసి రా అన్నాడు సూపర్‌వైజర్.

వెళ్లేసరికి ఇల్లంతా ఉక్క, జిగట. కిటికీలన్నీ బిడాయించి, తలుపు కింద తువ్వాలు కూడా కుక్కారు. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిద్ర లేక చస్తున్నాను బ్రదర్. మొన్న వార్డ్‌లో రాంగ్ డోస్ ఇచ్చేసేదాన్నండీ, పక్క సిస్టర్ చూసి ఆపింది. రిజిగ్నేషన్ రాసేశాను, మండే ఇచ్చేస్తాను" అన్నారు.

కిటికీలు ఎందుకు మూశారని అడిగాను.

"ఆ రోజు మీరే కదండీ, 'మీ ఏసీ రెడీ' అన్నారు? ఏసీ వేసుకుని విండోస్ ఎవరైనా తెరుస్తారా?"

నిజమే. తెలుగు మనిషి దొరికిన సంబరంలో అప్పగించేటప్పుడు చదివి వినిపించాల్సిన ఇంగ్లీషు చెక్‌లిస్టు పక్కన పడేసి కబుర్లలో పడ్డాను. ఇక్కడి మనవాళ్లకు చల్లగాలి వదిలే ప్రతి పెట్టే ఏసీయే. అన్నీ తెలిసిన నా నోటికీ అదే వచ్చింది.

తప్పు నాదేనని చెప్పి, పడకగది కిటికీ జానెడు తెరిచాను. అక్కడ పట్టుకున్న కాగితం బయటివైపు ఎగిరింది. అరగంటలో థర్మామీటరు ఆరు డిగ్రీలు దిగింది. యంత్రం ఆపి మళ్లీ ఆవిడ చేతే వేయించాను. ఈ ఒక్క పగలు పడుకుని చూడండి, రాజీనామా ఉత్తరం సంగతి తర్వాత చూద్దాం అని బతిమాలాను.

జాబ్ షీట్‌లో 'లోపం' అనే గడిలో, యంత్రం బాగానే ఉంది, అప్పగించేటప్పుడు నేను తప్పు చెప్పాను అని రాశాను. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. సూపర్‌వైజర్ చదివి, నన్ను ఎగాదిగా చూసి, సంతకం పెట్టాడు. సోమవారం సుగుణ గారు ఫోన్ చేశారు. ఏడు గంటలు ఒళ్లెరగకుండా నిద్రపోయారట, ఉత్తరం చింపేశారట.

ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు అదే పనిలో ఉన్నాను. బిగించడం మా పనిలో సగమే. ఇంటివాళ్లు తమ చేత్తో యంత్రం నడిపి, అదెలా పనిచేస్తుందో తమ మాటల్లో నాకు చెప్పేదాకా ఏ ఇంట్లోనూ పని పూర్తయిందని సంతకం తీసుకోలేదు.