రెండు వేళ్ల వదులు

ఆ మధ్యాహ్నం నాకిప్పటికీ నీళ్లలోంచి చూసినట్టే గుర్తుకొస్తుంది. బయట ముసురు. పగలే లైట్లు వేశాం. భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఆ దవాఖానాలో అత్యవసర వార్డు నర్సుగా అది నా తొమ్మిదో ఏడు. తలుపు తెరిచినప్పుడల్లా తడి ఆకుల వాసన లోపలికొచ్చి, స్పిరిట్ వాసనలో కలిసిపోయేది.

ఆటోలోంచి ఒక తల్లి నాలుగేళ్ల ఆడపిల్లను భుజాన వేసుకుని దిగింది. జ్వరం, ఫిట్స్. చూడగానే నా నోరు లేచింది.

"ఇన్నొద్దులు ఏం జేసిన్రమ్మా? పాణం మీదికొచ్చినంక తెస్తరా?"

వాగు పొంగి రెండు దినాలు గూడెంలోనే ఆగిపోయారని తరవాత తెలిసింది. అప్పుడామె నా పక్కనుంచి లోపలికొచ్చింది. పిల్లను మంచం మీద పడుకోబెట్టి గోడకు ఆనుకుంది.

సూది ఎక్కించడానికి పిల్ల చేతుల్లో నరం దొరకలేదు. డాక్టరు తొడ దగ్గర చూస్తానన్నాడు. నడుముకు నల్లని మొలతాడు, దానికో చిన్న గవ్వ. అడ్డొస్తోందని కసుక్కున కోసేసి, కత్తెర జేబులో పడేసుకున్నాను. అంతలో పిల్ల గుండె ఆగింది. ఆ తరవాతంతా ఛాతీ నొక్కడమే. ఎంతసేపో! చివరికి డాక్టరు చేతులు తీసేసి, గడియారం చూసి టైం చెప్పాడు. వెళ్లి నల్లా కింద చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మా దగ్గర ఎవరూ రాసిపెట్టని పద్ధతి ఒకటుంది. పిల్లలు పోతే సూదులు, ట్యూబులు తీసి, గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడిచి, తల దువ్వి గానీ తల్లి చేతికివ్వం. మా వార్డు ఆయమ్మ నీళ్లు తెచ్చింది. నేను తుడిచాను. ఆ కాసేపూ వార్డులో ఎవరూ గట్టిగా మాట్లాడరు, ఫోన్లు కూడా ఎత్తరు.

తల్లి పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఆమె చెయ్యి మెల్లగా నడుము దాకా పోయి ఆగింది.

"తాడేదమ్మా?"

నాకు అర్థం కాలేదు.

"మా అత్త కట్టిన తాడు. అది లేకుంటె ఆడ, పోయిన మా పెద్దలు పిల్లను ఎట్ల గుర్తు పడ్తరు? తాడు దొరికేదాంక తీస్కపోను."

అంతే, మంచం కిందా బల్ల కిందా వెతికాం. లేదు. నా కోపం ఆయమ్మ మీదికి పోయింది. "అప్పుడే ఊడ్వొద్దని నీకెన్నిసార్లు చెప్పాలె? కండ్లు నెత్తికెక్కినయా?"

"చీపురు ముట్టలేదు బిడ్డా," అందామె. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. గ్లౌజులు తొడుక్కుని చెత్త సంచి విప్పింది. డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని నెత్తుటి దూది ఒక్కొక్కటే పక్కకు తీశాడు. బయట వాన పడుతూనే ఉంది. ముగ్గురం కలలో నడిచినట్టు ఆ గదిలోనే తిరిగాం.

వంగినప్పుడు నా జేబులో కత్తెర గుచ్చుకుంది. తీసి చూస్తే, దాని పిడికి చుట్టుకుని తాడు. గవ్వ కూడా ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అనే సామెత నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"అక్కా, తప్పు నాదే," అన్నాను ఆయమ్మతో.

"గదంతా తర్వాత. ముందుగాల ఆమెకియ్యి."

తల్లి అందుకోలేదు. "మీరే కోసిన్రు గదా. మీరే కట్టున్రి," అంది. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

కోసిన తాడు ముడేస్తే పొట్టిదవుతుంది, చుట్టూ అందదేమోనని గాజుగుడ్డ పీలిక కూడా చేతిలో పట్టుకున్నాను. అక్కర్లేకపోయింది. ముడి పడ్డాక తాడు ఆ చిన్న నడుముకు అచ్చం సరిపోయింది.

"సరిపోయిందమ్మా," అన్నాను.

"సరిపోతది. ఎదిగే పిల్ల అని మా అత్త రెండు వేళ్లు వదులు ఉంచింది."

ఆ వదులంతా నా ముడిలోకే పోయింది. అక్కడే, అందరి ముందూ, ఏడ్చాను.