అమ్మేసిన తోటలో బొండాలు

పెళ్ళి సంబంధాల సైటులో నా ప్రొఫైలు నింపింది మా అక్క. తను రామచంద్రపురంలో ఉంటుంది. ఒక ఆదివారం బస్సెక్కి వచ్చి, నా ఫోను లాక్కుని, ఒక్కొక్కటీ అడుగుతూ నింపుతూ పోయింది. నలభై ఒకటో ఏట నా ఎత్తెంతో నాకే తెలియదని ఆ రోజు తెలిసింది. గుమ్మానికి ఆనించి నిలబెట్టి టేపుతో కొలిచింది. తరవాత ఫొటో.

"కాస్త నవ్వరా."

"నవ్వుతూనే ఉన్నాను."

"ఇది నవ్వా? పన్ను పీకించుకోడానికి కూర్చున్నట్టున్నావు."

ఆస్తి దగ్గరికి వచ్చేసరికి అక్క ఆగింది. "రెండెకరాల చేను అని రాసేదా?" అంది. ఫోను తీసుకుని, అది నేను రాస్తానన్నాను. పన్నెండెకరాల కొబ్బరి తోట అని రాశాను. కుటుంబం హోదా అన్నచోట నాలుగు మాటలు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. 'ఉన్నత' అన్నదాన్ని నొక్కాను. అక్క చూసింది, ఏమీ అనలేదు. మా ఇంట్లో ఇలాంటి వాటికి ఎవరూ ఏమీ అనరు. అలా అనకపోవడం వల్లనే మాకు చాలా పోయింది.

ఆ తోట ఒకప్పుడు మాదే. ఎనిమిదేళ్ళ క్రితం నాన్నగారు పోయే ముందు అమ్మేశారు. కొన్నవాడి తండ్రి ఆ తోటనే మా దగ్గర కౌలుకు చేసేవాడు. ఊళ్ళో ఇప్పటికీ దాన్ని మా ఇంటిపేరుతోనే పిలుస్తారు. అందువల్ల రాసేటప్పుడు అది అబద్ధమని నాకు అనిపించలేదని చెప్పుకోవచ్చు. కాని అనిపించింది. అనిపించింది కాబట్టే ఫోను అక్క చేతిలోంచి తీసుకున్నాను.

నా ఇరవయ్యేళ్ళ వయసులో సంబంధాలు మా గుమ్మంలోకే నడిచి వచ్చేవి. ఒకాయన తన కూతురి ఫొటో డైరీలో భద్రంగా పెట్టుకుని, మండుటెండలో మోపెడ్ మీద వచ్చాడు. కాఫీ ఇచ్చి, చూద్దామని చెప్పి పంపేశాం. ఆయన వీధి మలుపు తిరగకముందే ఆ మోపెడ్ చప్పుడును నేను నోటితో అనుకరించాను. నాన్నగారు నవ్వారు. ఫొటోలో అమ్మాయి ఎలా ఉందో ఇప్పుడు గుర్తు లేదు. మోపెడ్ చప్పుడు మాత్రం గుర్తుంది.

సైటులో నన్ను తిప్పి పంపడానికి ఎవరూ కాఫీ కూడా ఇవ్వనక్కరలేదు. 'మీ ఆసక్తికి ధన్యవాదాలు, మీకు తగిన జోడీ దొరకాలని కోరుకుంటున్నాం' అన్న ఒకే వాక్యం ముప్పయి ఇళ్ళ నుంచి వచ్చింది. కామా కూడా మారలేదు. మరికొందరు నా ప్రొఫైలు చూసినట్టు తెలిసేది, ఆ తరవాత ఏమీ ఉండేది కాదు. నేను అమలాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పాఠం మధ్యలో గంట కొట్టినట్టు ఫోను మోగితే, సైటు ఆఫీసులో నా 'కేసు' చూసే అమ్మాయి.

"సార్, మీ ప్రిఫరెన్సెస్ కొంచెం ఓపెన్ చేస్తే మ్యాచెస్ పెరుగుతాయి సార్. సెకండ్ మ్యారేజ్ ఓకేనా సార్?"

"ఆలోచిస్తాను."

"లాస్ట్ టైం కూడా అదే చెప్పారు సార్. లొకేషన్ విలేజ్ కదా సార్, అదొక్కటే ప్రాబ్లం. కోనసీమ అంటే అందరూ చూడ్డానికి వస్తారు గాని ఉండడానికి రారు సార్."

ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. తప్పేమీ చెప్పలేదు. అయినా ఆ రోజంతా పిల్లల మీద విసుక్కున్నాను.

పద్నాలుగో నెలలో ఒక సందేశం వచ్చింది. అది అచ్చు వాక్యం కాదు. 'మీ ఫొటోలో వెనక గోడ మీద చెమ్మ మరక ఉంది. వానాకాలంలో తీశారా?' అని ఉంది. కొత్తపేట దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు, ముప్పయి ఏడేళ్ళు. నేను జవాబు రాయడానికి గంట పట్టింది. మాది పాత గోడ, ఏ కాలంలోనైనా అలాగే ఉంటుంది, అని రాశాను. అంత నిజం నేను ఆ సైటులో అంతకు ముందు రాయలేదు.

మూడు వారాలు మాట్లాడుకున్నాం. మధ్యాహ్నం ఆవిడకు క్లాసు లేని గంటలో ఫోను చేసేది. వెనక పిల్లల గోల, బల్లలు లాగే చప్పుడు వినిపించేవి. ఆ గంట కోసం నేను పొద్దుట నుంచీ ఎదురు చూసేవాణ్ణని ఇప్పుడు రాయడానికి సిగ్గుపడను. సిగ్గు పడవలసినవి వేరే ఉన్నాయి. ఒక రోజు అడిగింది:

"మీ తోటలో దింపు ఎప్పుడండి?"

దింపంటే కాయలు కోయించడం. రెండు నెలలకోసారి జరుగుతుంది. "వచ్చే నెల మొదట్లోనండి" అన్నాను.

"మీరే దగ్గరుండి చూసుకుంటారా?"

"అంత తీరికెక్కడండి, మనుషులున్నారు."

"ఆయ్" అంది. కాసేపు ఇంకేమీ అనలేదు. ఆ కాసేపట్లో నేను చెప్పి ఉండవచ్చు.

తరవాతి వారం ఆవిడ నాన్నగారు, మావయ్యగారు మా ఊరు వస్తామని కబురు చేశారు. తోట కూడా చూస్తారట.

మా వైపు సంబంధానికి వచ్చిన పెద్దలకు కొన్న కూల్ డ్రింకు ఇస్తే చిన్నతనం. తోటలోకి తీసుకువెళ్ళి, సొంత చెట్టు బొండాలు కొట్టించి ఇవ్వాలి. వాళ్ళు అక్కడే తాగాలి. బొండం ఏ చెట్టుదో ఆ చెట్టు ఆ ఇంటిది, వేరే కాగితం అక్కరలేదు. రోడ్డు మీద బండి దగ్గర కొన్న బొండం పెడితే వచ్చినవాళ్ళు తాగుతారు గాని మళ్ళీ రారు.

దింపు తీసే ముసలాయన నాన్నగారి కాలం నుంచీ ఎరిగినవాడు. అరవై దాటినా చెట్టెక్కుతాడు. అతని ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు కూర్చుని మోకు బాగుచేసుకుంటున్నాడు.

"ఆదివారం ఓ అయిదారు బొండాలు దింపాలి."

"ఏ తోటలోనండి?"

"మన తోటలో."

చేతిలో తాడు వంక చూశాడు. నేను తొందరగా, తోట కొన్నవాడి పేరెత్తకుండా, "ఆదివారాలు అతను అల్లవరంలో రొయ్యల చెరువుల దగ్గరుంటాడుగా" అన్నాను.

"ఉంటారండి" అన్నాడు. మోకు పక్కన పెట్టి, "ఆయ్, దింపుతానండి బాబుగారు" అన్నాడు.

ఆదివారం వాళ్ళు ఆటోలో దిగారు. ఆవిడ నాన్నగారు డెబ్భై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తక్కువ మాట. మావయ్యగారు నవ్వు మొహం మనిషి. తోటలోకి వెళ్ళేసరికి నేల ఊడ్చి ఉంది. రాలిన మట్టలు ఒక వార పేర్చి ఉన్నాయి. చెట్ల నీడలో మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ముసలాయన చేసి ఉంటాడనుకున్నాను. నా మీద ఇంకా అంత గౌరవముందని లోపల సంతోషించాను కూడా.

"ఎన్నెకరాలన్నారండి?" అన్నారు ఆవిడ నాన్నగారు.

"పన్నెండండి."

"మధ్యలో కోకో వేసేరే. ఎన్నాళ్ళయిందండి వేసి?"

నాకు తెలిసిన తోటలో కోకో లేదు, అరటి ఉండేది. "కొన్నేళ్ళయిందండి" అన్నాను.

"దింపులెన్నండి ఏడాదికి?"

"ఆరండి" అని చెట్టు మీంచి జవాబు వచ్చింది.

మావయ్యగారు తల పైకెత్తి నవ్వారు. "కిందున్నవాళ్ళ కంటే పైనున్నాయనకే బాగా తెలుసండి."

అప్పుడే రోడ్డు మీద బైకు ఆగింది. తోట కొన్నవాడు. నా ఈడువాడే. వాడి తండ్రి మా వాకిట్లో నిలబడి మాట్లాడేవాడు, నేను అరుగు మీద కూర్చుని వినేవాణ్ణి. వాడు చెప్పులు గట్టు మీద విడిచి లోపలికి వచ్చాడు. నేను కుర్చీలోంచి లేచాను, ఎందుకు లేచానో తెలియకుండా.

"వీరెవరండి?" అని మావయ్యగారు నన్నడిగారు.

వాడే చెప్పాడు.

"మేం బాబుగారి దగ్గర కౌలుకి చేస్తామండి. కోకో వేసి అయిదేళ్ళయిందండి, ఇప్పుడు కాపు బాగానే ఉందండి."

అని, ముసలాయన దింపిన బొండాలు ముందు పెట్టుకుని, కత్తి తీసుకుని తనే చెక్కడం మొదలుపెట్టాడు. మొదటిది నాన్నగారికి రెండు చేతులతో ఇచ్చాడు. రెండోది మావయ్యగారికి. మూడోది నాకు.

నేను తాగాను.

నాన్నగారు తాగడం ఆపి అతని వంకే చూస్తున్నారు. "ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారండి కౌలు?"

"మా నాన్న కాలం నుంచండి" అన్నాడు. అందులో సగం నిజమే. ఆ రోజు ఆ తోటలో నేను చెప్పిన దాంట్లో ఆ సగం కూడా లేదు.

వెళ్ళేటప్పుడు నాన్నగారు, "తోట చాలా బాగా చూసుకుంటున్నారండి" అన్నారు. ఆ మాట నాతో అనలేదు, అతనితో అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసింది. వెనక పిల్లల గోల లేదు. బడి బయటికి వచ్చి మాట్లాడుతున్నట్టుంది.

"మీకు రెండెకరాల చేనే ఉందని మాకు ముందే తెలుసండి. భూమి రికార్డులు ఇప్పుడు ఫోన్లోనే కనిపిస్తున్నాయి కదా. మీ ఊరి పేరు, మీ నాన్నగారి పేరు కొట్టి మొదటి వారంలోనే చూసేను. నాన్నగారికీ చూపించేను."

"మరి తోట చూస్తామని ఎందుకన్నారు?"

"మీరు చెప్తారని. దారిలోనైనా చెప్తారని నాన్నగారు అనుకున్నారంట. రెండెకరాలూ మేష్టరు ఉద్యోగమూ చాలని ఒప్పుకునే బయల్దేరేరండి."

నేను ఏదో అనబోయాను. ఆవిడ ఆపింది.

"ఎక్కువ రాసుకోవడం అందరూ చేసేదేనండి. నేనూ బరువు తగ్గించి రాసేను. అది కాదు. సొంత తోటలో నిలబడి ఆయనెవరో కౌలుకి చేస్తానని చెప్పి మీకు బొండం కొట్టి ఇచ్చేరంట. మీరు తాగేరంట. మా తాత కౌలు రైతండి. ఇంటికొచ్చి నాన్న అన్నం తినలేదు."

ఫోను పెట్టేసే ముందు, "మీ మీద కోపం లేదండి" అంది. నిజంగానే గొంతులో కోపం లేదు. ఉంటే దాని మీద నేనూ కోపం తెచ్చుకుని బతికిపోయేవాణ్ణి.

వారం రోజులు తోట దారి మానేసి, కాలవగట్టు మీంచి చుట్టు తిరిగి కాలేజీకి వెళ్ళాను. ఎనిమిదో రోజు వెళ్ళక తప్పదనిపించింది. తోట కొన్నాయన అక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేచి, అవే ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకటి తుడిచి వేశాడు.

"కుదిరిందాండి బాబుగారు?"

"లేదు."

ఆయన మొహం వాడిపోయింది. "నేనేమన్నా తేడాగా మాట్లాడేనాండి?"

"మీరేం తేడాగా మాట్లాడలేదు. మీరు ఆ రోజు ఎందుకొచ్చారు?"

"దింపాయన శనివారమే వచ్చి చెప్పేడండి, ఇట్టా బాబుగారు అడిగేరు, కొట్టమంటావా అని. కొట్టు, ఏం పోయింది అన్నాను. చోటు ఊడ్పించి, ఇంట్లో కుర్చీలు పంపించేను. ఊరుకుందామనే అనుకున్నానండి. తీరా చెరువు కాడికెళ్ళేక గుర్తొచ్చింది, మీకు కోకో సంగతి తెలీదు కదా అని. వాళ్ళడిగితే ఇబ్బంది పడతారని వచ్చేను."

నేను తల దించుకుని నేల చూస్తున్నాను.

"నన్నే అడగొచ్చు కదండి" అన్నాడు. నిష్ఠూరం లేదు, ఊరికే అన్నాడు. "ఎనిమిదేళ్ళయింది, ఓ సారైనా ఇటు రాలేదు మీరు. మా ఇంటావిడ కూడా అంటుంది, బాబుగారికి మన మీద కోపమేమో అని."

క్షమాపణ చెబుదామని వెళ్ళాను. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పగా నేను వినలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "కోపం లేదు" అన్నాను. తరవాత, "ఆ రోజు బొండం నీళ్ళు తియ్యగా ఉన్నాయి" అన్నాను. నా నోటి నుంచి వచ్చింది అంతే.

"ఆయ్, ఆ చెట్టు మీ తాతగారు పెట్టిందేనండి" అని ఆయన మళ్ళీ కత్తి కోసం లేచాడు. వద్దని చెప్పి వచ్చేశాను. అది కూడా తప్పేనేమో. తాగి ఉండవలసింది ఈసారేనని ఇంటికి వచ్చాక తోచింది.

ఆ సాయంత్రం ప్రొఫైలులో పన్నెండెకరాల తోట తీసేసి రెండెకరాల చేను అని రాశాను. రెండు రోజులకి కాలేజీలో ఉండగా సైటు ఆఫీసు అమ్మాయి ఫోను చేసింది.

"సార్, ప్రాపర్టీలో పన్నెండు పోయి రెండు అని చూపిస్తోంది సార్. టైపింగ్ మిస్టేకా సార్, కరెక్ట్ చేసేయమంటారా?"

"మిస్టేకు కాదమ్మా. ఉన్నది అంతే."

"ఓకే సార్. మరి ఫ్యామిలీ స్టేటస్ 'ఉన్నత' అని ఉంది సార్. అది అలాగే ఉంచమంటారా, మార్చమంటారా?"

క్లాసుకు టైమయిందని చెప్పి ఫోను పెట్టేశాను. ఆ గంట నాకు క్లాసు లేదు.