బంద్ అని చెక్కిన బండ

తాండూరు నుంచి కరణ్‌కోట పోయే దారిలో శంకరమ్మకు బండల పాలిష్ షెడ్డు ఉంది. మూతబడిన దాన్ని మళ్ళీ తెరవాలని ఆమె పంతం. అడ్డుపడింది పాత జీఎస్టీ బాకీ. పన్నుల ఆఫీసు ఆమె బ్యాంకు ఖాతాను ఆపేసింది. ఖాతా నడవనిదే కాంట్రాక్టర్లెవరూ సరుకు కొనరు.

భర్త పోయాక షెడ్డు మూసిననాడు ఆమె నాపరాయి మీద 'బంద్' అని, కింద తారీఖు చెక్కించి గేటుకు ఆనించింది. అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుందని ఆమె నమ్మకం. ఆ బండనే నా ట్రాలీ ఆటోలో వికారాబాద్ తీసుకుపోయాం. ఏనుగంత బండ! నేనొక్కణ్నే ఎత్తాను. శంకరమ్మ రెండో కొస పట్టుకుందంతే. అనంతగిరి ఎక్కుతుంటే మా బరువుకు గుట్టే జానెడు దిగింది. ఎనిమిదిలో బడి మానేసినా ఇలాంటి సైన్సు నాకు చూడగానే తెలిసిపోతుంది.

అక్కడి పన్నుల ఆఫీసులో అధికారి ప్రియదర్శిని మేడం బండను చూసి లేచి నిలబడింది.

"ఏందమ్మా ఇది?"

"సాక్ష్యం మేడం. గీ తారీఖు నుంచి మిషిన్ తిప్పలే. ఊరంత చూసింది, మీరే చూడలే."

"మీరు బండ మీద రాసిన్రు, మా కంప్యూటర్ల రాయలే. షెడ్డు నడుస్తుందనే అనుకుంటున్నది అది. లెక్క ఇయ్యని ప్రతి నెలకు జుర్మాన ఏసింది."

"కంప్యూటర్‌కు తెలుగు చదవొస్తలేదా మేడం?" అన్నాను నేను.

"నువ్వు జర సప్పుడు చెయ్యకుండ్రా శ్రీనూ," అని కసిరి, శంకరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "మాఫీ అడగనీకి రాలే మేడం. అమ్మినప్పటి పన్ను నాదే, కడత. మిగిలింది కిస్తీల మీద కడత. ఎట్ల రాయాల్నో చెప్పుండ్రి."

ఆగిన నెలలన్నిటికీ ఏమీ అమ్మలేదని లెక్క దాఖలు చేసి, అసలు పన్ను ముందు కట్టి, మిగతాది కిస్తీల్లో కడతానని అర్జీ పెట్టమంది మేడం.

కాంట్రాక్టర్లు కొనకపోయినా, శంకరమ్మ షెడ్డులో మిగిలిన సరుకంతా ఇళ్ళు కట్టుకునేవాళ్ళకు చిల్లరగా అమ్మింది. చాలక పక్క షెడ్డులో కూలికి పోయింది. ఒకప్పుడు ఆమె దగ్గర పనిచేసిన బిచ్చయ్యే అక్కడ మేస్త్రీ.

"ఏం సేఠమ్మా, చేతులు నొస్తున్నయా?" అని అతను ఎక్కిరించేవాడు.

"నీ నోరు నొయ్యాలె గని, నా చేతులకేమైతది!"

ఒక్క కిస్తీ తప్పలేదు. ఆఖరిది కట్టాక ఖాతా విడిపించారు. షెడ్డు తెరిచిన రోజు నేను అడిగాను.

"గీ బండ అమ్ముదామా అక్కా? వికారాబాద్ చూసొచ్చిన బండ, మస్తు ధర పలుకుతది."

"అమ్మేది లేదు. బోర్లెయ్యి."

అక్షరాలు కిందికి పోయేలా గడపలో పరిచాం. మొదటి పాలిష్ ఆమె దానికే పట్టింది.

"మల్ల ఎన్నడన్న బంద్ పెట్టాల్సొస్తే?"

"పెట్టనే పెట్ట. పెడితే కంప్యూటర్ల చెక్కిస్త."

బండను మళ్ళీ నేనొక్కణ్నే మోశానని వేరే చెప్పాలా?